పటం మీద దారం, సూదిలో దారం

సాంఘిక శాస్త్రం తరగతి నుంచి రెండు, వృత్తి విద్య గది నుంచి రెండు. ఈసారి జవాబులు వీటికి.

ప్రశ్న: 1:50,000 స్కేలు పటంలో ఒక నది పొడవు కొలవమన్నారు. మా గుంపులో ఒకరికి పటం మీద 7 కిలోమీటర్లు వచ్చింది. జిరాక్స్ కాపీ మీద కొలిచినవారికి 5 వచ్చింది. అట్లాసులో కొలిచినవారు 6 అంటున్నారు. ఎవరు తప్పు కొలిచారు?

జవాబు: కొలవడంలో ఎవరూ తప్పు చేసి ఉండకపోవచ్చు. ముందు జిరాక్స్ సంగతి. ఏ3 కాగితం మీది పటాన్ని ఏ4లోకి కుదించి ఉంటారు. అలా కుదిస్తే పొడవులన్నీ 71 శాతానికి తగ్గుతాయి. అసలు పటంలో 14 సెంటీమీటర్లున్న నది కాపీలో 10కి వెంట్రుకవాసి తక్కువగా తేలుతుంది. సెంటీమీటరుకు అర కిలోమీటరు కదా అని సగం చేస్తే 5 వచ్చి కూర్చుంటుంది. యంత్రం గీతల్ని కుదిస్తుంది గానీ పక్కన అచ్చయిన 1:50,000 అనే అంకెను మార్చదు. అందుకే కాపీ మీద అంకెల స్కేలును నమ్మకండి. పటం అడుగున గళ్ళుగళ్ళుగా ఉండే గీత స్కేలును నమ్మండి. నదితో పాటు అదీ కుదించుకుపోతుంది కాబట్టి లెక్క చెడదు. ఆ గీతను కత్తిరించేసిన కాపీ కొలతలకు పనికిరాదు.

ఇక దారం. సాగని నూలు దారం తీసుకోండి, ఉన్ని వద్దు. కొంచెం తడిపి గట్టిగా పిండితే వంపుల్లో కుదురుగా కూర్చుంటుంది. కొసన సిరా చుక్క పెట్టి నది మొదట్లో ఆనించండి. ఎడమచేతి గోటితో ప్రతి మలుపు దగ్గరా నొక్కిపట్టి, కుడిచేత్తో నీలిగీత నడిమి మీదుగా పరుచుకుంటూ పోండి. నది ముగిసినచోట రెండో చుక్క. చాలామంది పొరబడేది ఆ తర్వాతే: స్కేలు మీద పెట్టేటప్పుడు దారాన్ని బిగలాగుతారు, పొడవు పెరుగుతుంది. వంకర పోయేంత బిగువు చాలు. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. కొలతల మధ్య 3 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే దారం ఎక్కడో మలుపు ఎగ్గొట్టిందన్నమాట.

అట్లాసుది వేరే కథ. 1:10,00,000 పటంలో అర కిలోమీటరు వంపుకు దక్కేది అర మిల్లీమీటరు. అంత చిన్న మలుపులు గీయడం కుదరక సాపు చేసేస్తారు. స్కేలు చిన్నదయ్యేకొద్దీ నది పొట్టిదవుతుంది. మీ 7 కిలోమీటర్లే రాసుకోండి, కింద పటం స్కేలు కూడా రాయండి.

ప్రశ్న: క్రీ.పూ. 44 నుంచి క్రీ.శ. 14 వరకు 58 ఏళ్ళు అని రాస్తే మార్కు కోశారు. ఎందుకు?

జవాబు: క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, సున్నా సంవత్సరం లేదు. రెండూ కూడి ఒకటి తీసేయాలి. సీజర్ హత్య (క్రీ.పూ. 44) నుంచి ఆగస్టస్ మరణం (క్రీ.శ. 14) దాకా 57 ఏళ్ళు, పైన కొన్ని నెలలు. ఇదే లెక్కన క్రీ.పూ. 490 నాటి మారథాన్ యుద్ధానికి 2,500 ఏళ్ళు నిండింది 2011లో, 2010లో కాదు. గోడకు కాలరేఖ అంటించేటప్పుడు సున్నా అని గడి గీయకండి. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున వేసుకుంటే 2,500 ఏళ్ళకు రెండున్నర మీటర్ల కాగితం సరిపోతుంది.

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ క్లాసులో నేను వేసిన టంకం మెరవకుండా బూడిదరంగులో ఉంటోంది. పాడైనట్టేనా?

జవాబు: ముందు టంకం తీగ రీలు మీద చూడండి. 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం ఉన్నదైతే అతుకు మెరవాలి. సీసం లేనిదైతే కొంచెం మసకగా ఉండటం మామూలే. రంగు కన్నా ఆకారం నమ్మకమైన సాక్షి. మంచి అతుకు గుడారంలా, అతికించే పరికరపు లోహపు కాలు చుట్టూ లోపలికి వంగి దిగుతుంది, చెడ్డది గోళీలా బోర్డు మీద కూర్చుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో టంకాన్ని కరిగించి పైన బొట్టు వేస్తే గోళీ తప్పదు. ఐరన్ మొనను బోర్డు మీది రాగిబిళ్ళకూ కాలికీ ఒకేసారి ఆనించి, ఒక సెకను ఆగి, తీగను అవతలి వైపు నుంచి అందించండి. ముందు తీగ తీయాలి, తర్వాత ఐరన్. గట్టిపడేదాకా కాలు కదలకూడదు, నోటితో ఊదకూడదు. చెడిన అతుకుకు కాస్త ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాసి మళ్ళీ వేడిచేస్తే చాలు. లేచే పొగ ఫ్లక్స్‌ది, సీసానిది కాదు. అయినా పీల్చకండి. సీసం అంటేది చేతులకే, కాబట్టి క్లాసు అవ్వగానే సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: కుట్టుమిషన్ మీద కుడితే బట్ట కింద దారం పిచ్చుకగూడులా చిక్కుపడుతోంది. కింది దారం చుట్టిన బాబిన్ మార్చినా అంతే.

జవాబు: గూడు కింద కనబడుతుంది కాబట్టి అందరూ బాబిన్‌నే అనుమానిస్తారు. తప్పు దాదాపు ఎప్పుడూ పైదారానిదే. కుట్టు కోసం కిందికి దిగిన పైదారాన్ని టేకప్ లివర్ (సూదితో పాటు పైకీ కిందికీ ఆడే, కంత ఉన్న మీట) మళ్ళీ పైకి గుంజాలి. దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళల మధ్య పట్టు లేకపోతే దారం బిగుసుకోదు, దిగినదంతా కిందే చుట్టుకుంటుంది. పట్టు ఎందుకు పోతుందంటే, బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉంచి దారం ఎక్కించినందుకు. పాదం దిగితే బిళ్ళలు మూసుకుంటాయి, దారం వాటి మధ్యకు వెళ్ళక అంచున వేలాడుతుంది.

దారమంతా తీసేయండి. పాదం ఎత్తండి, చక్రం తిప్పి సూదిని పూర్తిగా పైకి తేండి, మొదటి నుంచి ఎక్కించండి. టేకప్ లివర్ కంత మరిచిపోకండి, అదొక్కటి తప్పినా గూడే. ఇప్పుడు పాదం దించి దారం లాగి చూడండి: సూది కాస్త వంగేంత బిగువు తగలాలి. పాదం ఎత్తి లాగితే తేలిగ్గా జారాలి. రెండుసార్లూ తేలిగ్గా జారితే బిళ్ళల్లో నూగు గానీ దారపుముక్క గానీ ఇరుక్కుంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు కొసలూ 10 సెంటీమీటర్లు వదిలి, పాదం వెనక పట్టుకుని మొదటి మూడు నాలుగు కుట్లు వేయండి.

కుట్లు మధ్యలో ఎగిరిపోతుంటే సూది మొద్దుబారింది, లేదా తిరగేసి బిగించారు. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం దూరాలి. సూది మీది 90/14లో 90 అంటే మిల్లీమీటరులో నూరోవంతులు, అంటే 0.9 మిల్లీమీటర్ల మందం. మామూలు నూలుబట్టకు అది చాలు.

బాబిన్ కేసు (బాబిన్ కూర్చునే డబ్బీ) మరను అన్నిటికన్నా ఆఖరున ముట్టుకోండి. బాబిన్ దారం పట్టుకుని కేసును వేలాడదీసి చిన్నగా కుదిపితే అది రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఆగాలి. ఆగకుండా జారిపోతేనే మర బిగించండి, అదీ ఒకసారికి గడియారం పెద్దముల్లు అయిదు నిమిషాలు కదిలినంతే.