చిన్నాయన చెయ్యి ఎక్కడ ఆగింది?

ప్రశ్న: నేను కాజీపేటలో ఉంటాను, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇద్దరు దోస్తులతో కలిసి రెండేళ్లుగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాం. విండోలు, ఫైల్ మేనేజర్, ఎడిటర్ పనిచేస్తున్నాయి. పరకాలలో జిరాక్స్ దుకాణం ఉన్న మా చిన్నాయనకు పెన్‌డ్రైవ్‌లో వేసి చూపించాం. పది నిమిషాలు చూసి ‘మంచిగుంది బిడ్డా’ అని పక్కన పెట్టారు. మామూలు వాళ్లు వాడాలంటే ఇంకేం చేర్చాలి? బ్రౌజరా, ఆటలా, థీమ్‌లా?

జవాబు: తమ్ముడూ, ‘మంచిగుంది బిడ్డా’ అన్నందుకు మురిసిపోకు. మన దగ్గర పెళ్లిలో పప్పుకు ఉప్పు తక్కువైనా ఆ మాటే అంటారు. ఆ పది నిమిషాల్లో ఆయన చెయ్యి మౌస్ మీద ఎక్కడ ఆగిందో నువ్వు రాయలేదు. నాకు కావలసింది అదే.

1996లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక మేడమీద గదిలో విండోస్‌కు ముందున్న డాస్ సిస్టమ్ నేర్పేవాణ్ణి. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి అడ్తిదారు ఒకాయన సాయంత్రాలు వచ్చేవారు. ఒకరోజు ఫ్లాపీ పెట్టి డ్రైవ్ గడియ వెయ్యడం మరిచారు. తెర మీద ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ అని పడింది. ఆయన లేచి నిలబడి, ‘సార్, ఏం ఫెయిలైంది? నా లెక్కలు పోయినయా?’ అన్నారు. నేను నవ్వాను. మరునాటి నుంచి ఆయన రాలేదు. గడియ వెయ్యమని చెప్పే మాట ఆ మెషిన్‌లో ఎవరూ రాసి పెట్టలేదు, సరే. నాకైతే నోరుంది కదా.

కాబట్టి చేర్చడం ఆపి, ఆదివారం పరకాల బస్సెక్కు. చిన్నాయనకు ఒక్క పని చెప్పు: సోమవారం ప్రజావాణికి పోయేవాళ్ల కోసం ఒక దరఖాస్తు టైప్ చేసి పెన్‌డ్రైవ్‌లో సేవ్ చెయ్యాలి. నువ్వు వెనక స్టూలు మీద కూర్చో. నోరు విప్పకు, మౌస్ లాక్కోకు. ఆయన ఆగిన ప్రతి చోటూ కాగితం మీద రాసుకో. రేపటి నుంచి మీ ముగ్గురి పని ఆ కాగితమే. తప్పు జరిగినప్పుడు వచ్చే మాటలు కూడా ఆయన భాషలోనే ఉండాలి. ‘పెన్‌డ్రైవ్ తీసేశారు, మళ్లీ పెట్టండి’ అంటే చాలు, ఎర్రర్ నంబరు ఎందుకు?

బ్రౌజర్ మాట మరిచిపో. ఆండ్రియాస్ క్లింగ్ అనే ప్రోగ్రామర్ 2018లో మొదలుపెట్టిన సెరెనిటీఓఎస్ కూడా మీ దానిలాంటి ఆపరేటింగ్ సిస్టమే. అందులో బ్రౌజర్ పెరిగి పెరిగి 2024లో లేడీబర్డ్ పేరుతో వేరు కాపురం పెట్టింది. అంత పని అది.

అన్నిటికంటే ముందు తెలుగు. మీ ఎడిటర్‌లో ‘రాష్ట్రం’ అని కొట్టి చూడు. ఒక్కో అక్షరం కోడ్‌కు ఒక్కో బొమ్మ గీసే పద్ధతైతే ష, పొల్లు, ట, పొల్లు, ర వరుసగా పరుచుకుంటాయి. దరఖాస్తులో మొదటి వాక్యానికే పరువు పోతుంది. హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీని మీ సిస్టమ్‌కు పోర్ట్ చెయ్యండి. ఫాంటులో ఉన్న నియమాలు చదివి ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. మేమే రాస్తామని పంతానికి పోవద్దు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ దెబ్బకు ఐఫోన్లలో యాప్‌లే మూతపడ్డాయి, ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసుకోవాల్సి వచ్చింది. ఫాంటుకు పోతన2000 ఉంది, ఉచితం. బమ్మెర మనకు దగ్గరే కనుక ఆ పేరంటే నాకు కొంచెం పక్షపాతం. కీబోర్డు మాత్రం చిన్నాయన వేళ్లకు ఏది అలవాటో అదే పెట్టు, నీకు నచ్చింది కాదు.

దోస్తులకు, చుట్టాలకు పెన్‌డ్రైవ్‌లు పంచేముందు ఒక సంగతి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సెక్యూర్ బూట్ అనే కాపలా ఆన్‌లో ఉంటుంది, డిజిటల్ సంతకం లేని మీ బూట్‌లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను, రానివ్వదు. ‘బయోస్‌లోకి వెళ్లి ఆపేయండి’ అని తేలిగ్గా చెప్పకు. డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉన్న మెషిన్‌లో అది మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది ఎక్కడ రాసిపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, తిట్లన్నీ నీకే. మూలన పడ్డ పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించి నువ్వే సెట్ చేసి ఇవ్వు. లేదంటే విండోస్‌లోనే క్యూఈఎమ్‌యూ (కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్) కింద నడిపి చూపించు. హైకూ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకసారి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూడు. మొదట భాష, కీబోర్డు అడుగుతుంది. తర్వాత ఇన్‌స్టాల్ చేస్తారా, ఊరికే చూస్తారా అని అడుగుతుంది. డిస్కు జోలికి పోకుండా చూసే దారి మీ దాంట్లో కూడా మొదటి తెర మీదే ఉండాలి.

చిన్నాయన తప్పకుండా ప్రింటర్ అడుగుతారు. ఇప్పుడే దిగకు. చవక ప్రింటర్లలో చాలావాటికి పేజీని కంప్యూటరే వండి వాటి సొంత భాషలో వడ్డించాలి, ఆ భాష కంపెనీకొకటి. ప్రస్తుతానికి ఎడిటర్ నుంచి పీడీఎఫ్ వస్తే చాలు, ఫాంటు అందులోనే పొదిగి ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంచితే దుకాణంలోని విండోస్ మెషిన్ దాన్ని తెరుస్తుంది, ప్రింటు అక్కడ తీసుకుంటారు.