హెచ్‌సీవీ రియాక్టివ్ అని వస్తే కంచం వేరు చేయాలా?

శుక్లాల ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో మీ మామగారికి "హెచ్‌సీవీ రియాక్టివ్" అని వచ్చిందనీ, అత్తయ్యగారు అప్పుడే కంచం, గ్లాసు వేరు చేసేశారనీ, పిల్లల్ని దగ్గరికి పోనివ్వచ్చా అనీ అడిగారు. పోనివ్వండి. కంచం కూడా మళ్లీ అందరి కంచాల్లో కలిపేయండి. హెచ్‌సీవీ అంటే లివరుకి పట్టే హెపటైటిస్ సి వైరస్. అది ఎంగిలి వల్ల రాదు, దగ్గు తుమ్ముల వల్ల రాదు, ఆయన పిల్లలకి ముద్దలు కలిపి పెట్టినా రాదు. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు హెపటైటిస్ ఎ, ఇ రకాలు. ఈ కంగారంతా వాటి గురించి విన్నదే.

వేరు చేయాల్సినవి బాత్రూమ్ అరలో ఉన్నాయి: రేజరు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్, ఆయనకి షుగరుంటే వేలికి పొడిచే సూది. ఈ వైరస్ రక్తం నుంచి రక్తంలోకే వెళ్తుంది. కంటికి ఆనని చుక్క చాలు, ఎండిన మరకలో కూడా రోజుల తరబడి బతికుంటుంది. గచ్చు మీద రక్తం పడితే గ్లౌజులతో తుడిచి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలాగి కడగండి.

ఎలా వచ్చిందంటే, 2001కి ముందు రక్తం ఎక్కించారేమో అడగండి. బ్లడ్‌బ్యాంకుల్లో ఈ పరీక్ష తప్పనిసరి అయింది ఆ ఏడాదే. డయాలసిస్, పచ్చబొట్టు, పాతకాలపు సూదులు కూడా కారణాలే. సూది మార్చి సిరంజి అదే వాడినా ముప్పే, ఎందుకంటే కాస్త రక్తం వెనక్కి గొట్టంలోకి పోతుంది. ఇంద్రకీలాద్రి మీద తలనీలాలిచ్చినా, వీధి చివర సెలూన్‌లో గడ్డం గీయించుకున్నా కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పమనండి. డెటాల్‌లో ముంచి తీసిన పాత బ్లేడుకి ఒప్పుకోవద్దు.

రియాక్టివ్ అంటే యాంటీబాడీ, అంటే వైరస్‌కి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకున్న రక్షక పదార్థం, ఉందని మాత్రమే. వందలో సుమారు 30 మందికి ఆరు నెలల్లోపు మందు లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. అందుకే అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చూపే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి. "నాట్ డిటెక్టెడ్" అని వస్తే మందు అక్కర్లేదు.

వైరస్ ఉంటే లివరు గట్టిపడిందేమో చూస్తారు. హెపటైటిస్ బి పరీక్ష కూడా అడిగి చేయించండి, అది లోపల దాక్కుని ఉంటే ఈ మందులతో తిరగబెట్టవచ్చు. సిర్రోసిస్ (లివరు బాగా గట్టిపడిపోవడం) లేకపోతే మామూలుగా ఇచ్చేది సోఫోస్బువిర్ 400, డాక్లాటాస్విర్ 60 మి.గ్రా., రోజూ ఒక్కొక్కటి, 84 రోజులు. 2018 నుంచి హెపటైటిస్ జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం, గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో అడగండి. గుండె లయ తప్పినందుకు అమియోడరోన్ అనే మందు వాడుతుంటే ముందే చెప్పాలి. అదీ సోఫోస్బువిరూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు ఆపిన 12 వారాలకి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేస్తారు. కోర్సు పూర్తిగా వాడితే 95 శాతం పైగా నయమవుతుంది. ఒంట్లో బాగానే ఉందని, ఎస్‌జీపీటీ (లివరు రక్తపరీక్ష) నార్మల్‌గా ఉందని మధ్యలో మానేస్తేనే చిక్కు. పసరు మాత్రం తాగించకండి, ఉన్న లివరు కూడా పాడవుతుంది.

అత్తయ్యగారికి ఒకసారి పరీక్ష చేయిస్తే సరి. కంటి ఆపరేషన్ మానుకోనక్కర్లేదు, ఆ డాక్టరుగారికి రిపోర్టు చూపించండి.