డీఎల్‌సిమ్‌కి క్లాస్ ఎందుకు దొరకదు?

ప్రశ్న: లినక్స్‌లో సీ ప్లస్ ప్లస్‌తో ఫొటో ఎడిటర్ రాస్తున్నాను. ఒక్కో ఫిల్టర్‌నీ విడి .ఎస్‌ఓ ఫైల్‌గా (షేర్డ్ లైబ్రరీగా) చేసి, ప్రోగ్రామ్ నడుస్తుండగానే లోడ్ చేయాలని ప్లాన్. ఆ ఫైల్‌ని లోడ్ చేసే డీఎల్‌ఓపెన్ బాగానే పనిచేస్తోంది. అందులో పేరుతో వెతికే డీఎల్‌సిమ్‌కి ‘బ్లర్’ అని క్లాస్ పేరిస్తే మాత్రం అన్‌డిఫైన్డ్ సింబల్ అంటోంది. ఎలాగో తంటాలు పడి లోడ్ చేస్తే, ప్రోగ్రామ్ మూసేటప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తప్పుడు మెమరీ ముట్టుకుంటే వచ్చే క్రాష్)! త్వరలోనే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.
- బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ ఫైల్లో బ్లర్ క్లాస్ కోడ్ ఉంది కానీ ‘బ్లర్’ అనే సింబల్ (లైబ్రరీ బయటికి చూపే పేరు) లేదు. కంపైల్ అయ్యాక .ఎస్‌ఓలో మిగిలేవి ఆ క్లాస్ ఫంక్షన్లు, వీటేబుల్ (వర్చువల్ ఫంక్షన్ల చిరునామాల పట్టిక) లాంటి కొంత డేటా మాత్రమే. డీఎల్‌సిమ్‌కి తెలిసిన పని ఒక్కటే: సింబల్ పేరిస్తే దాని చిరునామా చెప్పడం.

పోనీ ఫంక్షన్ పేరిద్దామంటే అదీ మీరు రాసినట్టు ఉండదు. ఒకే పేరుతో నాలుగైదు ఫంక్షన్లు ఉండొచ్చు కాబట్టి కంపైలర్ క్లాసు, ఆర్గ్యుమెంట్ల వివరాలన్నీ పేరులోనే కుక్కేస్తుంది. దీన్నే నేమ్ మ్యాంగ్లింగ్ అంటారు. జీసీసీ కంపైలర్‌లో బ్లర్ క్లాసులో ఆర్గ్యుమెంట్లు లేని అప్లై ఫంక్షన్ కాస్తా ‘_జెడ్ఎన్4బ్లర్5అప్లైఈవీ’ అవుతుంది. ఆ 4, 5 ఇంగ్లిష్‌లో ఆ పేర్లలోని అక్షరాల లెక్క. ఆ పేరునే కాపీ చేసి డీఎల్‌సిమ్‌కి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మీరు ఆ దారి పట్టకండి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ పెట్టే పేర్లు పూర్తిగా వేరు.

చేయాల్సింది ఇదీ. ‘ఫిల్టర్’ అనే బేస్ క్లాస్‌ని ఒక హెడర్ ఫైల్లో పెట్టండి. డిస్ట్రక్టర్‌తో సహా అన్నీ వర్చువల్ ఫంక్షన్లే. ప్రతి .ఎస్‌ఓలో ‘ఎక్స్‌టర్న్ సీ’తో రెండు మామూలు ఫంక్షన్లు రాయండి: క్రియేట్, డిస్ట్రాయ్. ‘ఎక్స్‌టర్న్ సీ’ ఉంటే పేరు మారదు, డీఎల్‌సిమ్ ఇట్టే పట్టుకుంటుంది. క్రియేట్ లోపల బ్లర్‌ని న్యూ చేసి ఫిల్టర్ పాయింటర్‌గా తిరిగిస్తుంది. ఆపైన కాల్స్ అన్నీ వీటేబుల్ ద్వారా వెళ్తాయి, మెయిన్ ప్రోగ్రామ్‌కి బ్లర్ పేరే తెలియనక్కర్లేదు. డిస్ట్రాయ్ ఎందుకంటే, మెమరీ ఎవరు తీసుకున్నారో వాళ్లే వదలాలి. విండోస్‌లో డీఎల్ఎల్‌కి (అక్కడి .ఎస్‌ఓ లాంటిది) సొంత హీప్, అంటే న్యూ మెమరీ తీసుకునే చోటు, ఉండే అవకాశం ఉంది, అక్కడ ఈ నియమం తప్పితే క్రాషే.

ఇక సెగ్మెంటేషన్ ఫాల్ట్. కోడ్ చూడకుండా చెబుతున్నాను కానీ, నా అనుమానం లైబ్రరీని మెమరీలోంచి దించేసే డీఎల్‌క్లోజ్ మీదే. ఫిల్టర్ ఆబ్జెక్టుల్ని గ్లోబల్ వెక్టర్లో పెట్టి, మెయిన్ చివర డీఎల్‌క్లోజ్ పిలిచి ఉంటారు. గ్లోబల్స్ డిస్ట్రక్టర్లు నడిచేది మెయిన్ ముగిశాకే. అప్పటికే బ్లర్ డిస్ట్రక్టర్, దాని వీటేబుల్ మెమరీలోంచి వెళ్లిపోయి ఉంటాయి. ముందు ఆబ్జెక్టులు, తర్వాతే లైబ్రరీ. అసలు ఇంత చిన్న ప్రోగ్రామ్‌లో డీఎల్‌క్లోజ్ జోలికే వెళ్లొద్దంటాను. ప్రాసెస్ ముగిస్తే ఆపరేటింగ్ సిస్టమే అంతా సర్దేస్తుంది.

హెడర్‌లో ఫిల్టర్ క్లాస్ మధ్యలో కొత్త వర్చువల్ ఫంక్షన్ చేర్చారనుకోండి, వీటేబుల్లో వరుస జరిగిపోతుంది. పాత .ఎస్‌ఓ ఎర్రర్ లేకుండా లోడ్ అయ్యి, ఒక ఫంక్షన్ పిలిస్తే ఇంకోటి నడుస్తుంది. ఇలాంటి బగ్ పట్టుకోవడం నరకం. వెర్షన్ నంబర్ ఇచ్చే మూడో ఫంక్షన్ కూడా పెట్టి, లోడ్ చేయగానే సరిచూడండి. కంపైలర్ కూడా అన్నిటికీ ఒకటే వాడండి. 2015లో వచ్చిన జీసీసీ 5లో స్ట్రింగ్ క్లాస్ లోపలి అమరికే మారిపోయింది.

డీఎల్‌ఓపెన్‌కి లేజీ (ఫంక్షన్ పిలిచినప్పుడే దాన్ని వెతకడం) బదులు నౌ (లోడ్ చేసేటప్పుడే అన్నీ వెతకడం) ఫ్లాగ్ ఇవ్వండి. ఏదైనా ఫంక్షన్ లేకపోతే లోడింగ్‌లోనే తెలుస్తుంది, వైవాలో కాదు.

ప్రశ్న: జావాలో క్లాస్ పేరు స్ట్రింగ్‌గా ఇస్తే లోడ్ అయిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఎందుకు కాదు?
- పాఠకురాలు, వరంగల్

జవాబు: జావా .క్లాస్ ఫైల్లో క్లాస్ పేరు, మెథడ్లు, ఫీల్డుల వివరాలన్నీ అలాగే ఉంటాయి. రన్‌టైమ్ వాటిని చదువుకుంటుంది. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ వాటిలో చాలావరకు పారేసి మెషీన్ కోడ్ మిగులుస్తుంది. అన్నట్టు జావాలోనూ ప్లగిన్ల కోసమైతే జావా 6 నుంచి ఉన్న సర్వీస్‌లోడర్ వాడండి, క్లాస్ పేర్లు కోడ్‌లో రాసే పని తప్పుతుంది.