ఒక నవలలో ఇంకో నవల కనిపిస్తే అది కాపీయా, గౌరవమా?

మూలాన్ని దాచిపెడితే కాపీ. పాఠకుడు గుర్తుపట్టాలనే రాస్తే గౌరవం, ఒక్కోసారి గొడవ కూడా!

ఒక్కరోజు కథనే తీసుకోండి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల 'యులిసీస్' (1922) 1904 జూన్ 16న డబ్లిన్‌లో నడుస్తుంది. దాని వెనక ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఒడిస్సీ' ఉంది. ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 'యులిసీస్' చదివి డైరీలో విసుక్కుంది. అయినా 1925లో వచ్చిన ఆవిడ 'మిసెస్ డాలోవే' కూడా లండన్‌లో ఒక్కరోజు కథే. పువ్వులు తనే కొనుక్కొస్తానని మిసెస్ డాలోవే, అంటే క్లారిస్సా, అనడంతో అది మొదలవుతుంది.

ఆ నవలకి వుల్ఫ్ ముందు అనుకున్న పేరు 'ది అవర్స్'. అమెరికన్ రచయిత మైకేల్ కన్నింగ్‌హామ్ 1998లో ఆ పేరునే తన నవలకి పెట్టుకున్నాడు. అందులో వుల్ఫే ఒక పాత్ర. ఇంకొకామె లాస్ ఏంజిలిస్‌లో 'మిసెస్ డాలోవే' చదువుతున్న గృహిణి. మూడో ఆమె న్యూయార్క్‌లో ఉండే క్లారిస్సా, స్నేహితుడు ఆమెని 'మిసెస్ డాలోవే' అనే పిలుస్తాడు. ఆమె కూడా పార్టీ కోసం పువ్వులు కొనడానికే బయల్దేరుతుంది. మూలం చదవకపోయినా కథ అర్థమవుతుంది, చదివినవాళ్లకి మాత్రం ఆ పువ్వుల దగ్గరే నవ్వొస్తుంది. నా దృష్టిలో మంచి నివాళికి ఇదే గుర్తు.

తెలుగులో నవీన్ 'అంపశయ్య' (1969) కూడా ఒక్కరోజు నవలే, చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే పాత్ర మనసులో ఆలోచనలు ఎలా పారితే అలా రాసే పద్ధతిలో. అయితే ఇక్కడ రోజంతా సతమతమయ్యేది ఉస్మానియా విద్యార్థి రవి, పేరేమో భీష్ముడి దగ్గర్నుంచి వచ్చింది.