ట్రైనర్ మాట వింటుంది, మా మాట వినదేం?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా ఇంట్లో ఏడాదిన్నర లాబ్రడార్ ఉంది, మగది. ఇంటికి ఎవరొచ్చినా మీదికి ఎగబడుతుంది. మా అత్తగారిని ఒకసారి పడేసింది కూడా. ట్రైనర్‌ని పెట్టుకున్నాం. ఆయన ఉన్నంతసేపూ బుద్ధిగా కూర్చుంటుంది, ఆయన గేటు దాటగానే మళ్ళీ మామూలే. అడిగితే "కుక్కలో లోపం లేదమ్మా, లోపమంతా మీలోనే" అన్నాడు. నెలనెలా డబ్బు తీసుకుంటూ తప్పు మన మీదికి తోస్తాడా అని మావారికి ఒకటే కోపం. తప్పు ఎవరిది డాక్టరుగారూ?

జవాబు: మీవారి కోపంలో న్యాయముంది, ట్రైనర్ మాటలో నిజముంది. కానీ ఆ మాట అనేసి ఆయన వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. లోపం మీలో ఉందంటే దాన్ని సరిదిద్దడం కూడా ఆయన తీసుకునే డబ్బులో భాగమే కదా.

మీ ఇల్లు చూడలేదు గానీ, ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. కాలింగ్ బెల్ మోగుతుంది. కుక్క పరుగున వెళ్ళి వచ్చినవాళ్ళ మీదికి రెండు కాళ్ళూ ఎత్తుతుంది. ఇంటాయన మెడపట్టీ పట్టుకుని వెనక్కి లాగుతాడు. ఇల్లాలు "డౌన్, డౌన్" అని అరుస్తుంది. పిల్లలు నవ్వుతూ వాటేసుకుంటారు. పెద్దావిడ పీడ వదులుతుందనుకుని ఓ బిస్కెట్ విసురుతుంది. కుక్క వైపు నుంచి చూడండి. ఎగిరింది, ఇంట్లో అందరి చేతులూ దాని ఒంటి మీద పడ్డాయి, అందరి చూపూ దానిమీదే, పైగా బిస్కెట్ కూడా దొరికింది. ఇంతకన్నా మంచి బేరం దానికి ఎక్కడ దొరుకుతుంది?

బిస్కెట్ రోజూ దొరకక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి దొరికినా చాలు, అలవాటు ఇంకా మొండిగా పాతుకుపోతుంది. అమెరికా శాస్త్రవేత్త స్కిన్నర్ ఎలుకల మీద, పావురాల మీద ప్రయోగాలు చేసి తేల్చిన సంగతి ఇది. కాబట్టి ఇంట్లో ముగ్గురు గట్టిగా ఉండి నాలుగోవాళ్ళు జాలిపడితే, ఆ ముగ్గురి కష్టమూ వృథా.

చేయవలసింది చెబుతాను. తలుపు తీయకముందే బెల్టు తగిలించండి. దాని కొసను కాలి కింద తొక్కిపెట్టండి, కుక్క నిలబడగలగాలి కానీ పైకి ఎగరలేకపోవాలి. వచ్చినవాళ్ళకు ముందే చెప్పండి, దాన్ని చూడొద్దు, పలకరించొద్దు, ముట్టుకోవద్దని. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనిన ఆ క్షణంలోనే చిన్న ముక్క నోటికి అందించండి. పది సెకన్లు ఆగి ఇస్తే దేనికిచ్చారో దానికి అర్థం కాదు. ఉడికించిన చికెన్ ముక్కలు బాగుంటాయి, శాకాహారులైతే పనీర్, క్యారెట్. మన ఊరు కాబట్టి ఒక మాట: ప్రసాదమే కదా అని లడ్డూ తునక మాత్రం పెట్టకండి. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీయగలవు.

ఇలా మొదలుపెట్టిన తొలి రోజుల్లో అది ఇంకా ఎక్కువగా ఎగురుతుంది. నిన్నటిదాకా పనిచేసిన ఉపాయం ఇవాళ పనిచేయడం లేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. చాలామంది సరిగ్గా ఇక్కడే చేతులెత్తేసి, ట్రైనింగ్ పనికిరాదని తేల్చేస్తారు. ఆ కొన్ని రోజులు ఓపిక పట్టడం మాత్రం మీ ఇంట్లోవాళ్ళ వల్లే అవుతుంది. మీకు బదులుగా ఏ ట్రైనరూ ఆ పని చేయలేడు. అందరూ ఒకే మాట వాడండి. ఒకరు "డౌన్", ఒకరు "దిగు", ఒకరు "వద్దురా" అంటే అది ఏ మాట నేర్చుకోవాలి?

కుక్క నేర్చుకునేది మనిషితోనూ చోటుతోనూ ముడిపడి ఉంటుంది. వరండాలో ట్రైనర్ చేతి సైగకు కూర్చున్న కుక్కకు, హాల్లో మీ గొంతు విని కూర్చోవడం వేరే పాఠం. అందుకే ట్రైనర్‌తో చెప్పండి, వచ్చేసారి బెల్టు మీ చేతికిచ్చి ఆయన పక్కన నిలబడి చూడాలని. ఒప్పుకోకపోతే వేరే మనిషిని వెతుక్కోండి. మెడకు బిగుసుకునే గొలుసో, ముళ్ళ పట్టీయో వాడుతుంటే ఇవాళే మానిపించండి. ఆయన ముందు బుద్ధిగా ఉండటానికి కారణం ఆ భయమేనేమో కూడా చూసుకోండి.

ఇక మీది కాని తప్పులూ ఉన్నాయి. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ జాలర్లతో కలిసి చల్లటి నీళ్ళలో వలలు లాగినవి. తర్వాత వేటగాళ్ళు కొట్టిన బాతుల్ని నోటితో పట్టుకొచ్చేలా ఆ జాతిని పెంచుకొచ్చారు. నోటితో ఏదో ఒకటి పట్టుకోవాలని, పరిగెత్తాలని దానికి ఉండటం మీ పెంపకలోపం కాదు. కానీ అలాంటిదాన్ని రెండు గదుల పోర్షన్‌లో ఉంచి, సాయంత్రం మిద్దె మీద పది నిమిషాలు తిప్పితే ఆ తప్పు మీదే. మన ఎండలకు తెల్లవారుజామునే తీసుకెళ్ళండి, పొద్దెక్కితే తారురోడ్డు పాదాలను కాలుస్తుంది.

అలాగే కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల దాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు దానికి జీవితాంతం మామూలు విషయాలుగా ఉండిపోతాయి. ఆ వయసులో బోనులో పెరిగిన పిల్ల పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, నెల పిల్లల్ని అంటగట్టేవాళ్ళున్నారు. మన గంగమ్మ జాతరలో ఒళ్ళంతా రంగు పూసుకుని, వేపాకులు కట్టుకుని వేషాలవాళ్ళు వీధిలోకి వస్తే కొన్ని కుక్కలు మంచం కింద దూరి వణుకుతాయి, కొన్ని గేటు మీద పడి మొరుగుతాయి. రెండూ భయమే. మొరిగిందని కొడితే ఆ భయానికి కారణం ఇంకొకటి చేర్చినట్టు. లోపలి గదిలో ఉంచి, తలుపులు వేసి, ఫ్యానో టీవీయో పెట్టండి.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాం. తొమ్మిదేళ్ళ జర్మన్ షెపర్డ్. చిన్నప్పటి నుంచీ పద్ధతిగా పెంచాం. ఈమధ్య మనవడు వెనక నుంచి వీపు నిమిరితే గుర్రుమంటోంది. ముసలితనంలో మొండితనమా? గట్టిగా బెదిరించమంటారా?

జవాబు: బెదిరించకండి సార్. ముందు డాక్టరుకు చూపించండి. ఈ జాతిలో తుంటి కీళ్ళ జబ్బు ఎక్కువ. పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్ళు తడబడుతున్నాయా, మెట్లెక్కడానికి వెనకాడుతోందా గమనించి చెప్పండి. చెవులు కూడా చూడమనండి. తిరుపతిలో 1955 నుంచీ ఉన్న మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకొస్తే ఎక్స్‌రే తీస్తారు. నొప్పి తగ్గితే గుర్రు కూడా తగ్గవచ్చు.

గుర్రుమనడం "నన్ను వదిలేయ్" అని అది మర్యాదగా చెప్పడం. కొట్టి ఆ గొంతు నొక్కేస్తే, రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది. ఇన్నేళ్ళు పద్ధతిగా పెంచారు, దీనికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. అయితే పసివాణ్ణి, కుక్కను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా చూడటం మీ పని, అది పిల్లవాడికీ కుక్కకూ వదిలేసేది కాదు.

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోట ఉంది. కాపలాకు నాటు కుక్కను కట్టేసి పెంచుతున్నాం. తోతాపురి కోతలకు వచ్చిన కూలీ ఒకరిని కరిచింది. కాపలా కుక్క కరవక ఏం చేస్తుంది అంటాడు మా అన్న. తప్పు మాదేనంటారా?

జవాబు: మీదే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పగలూ రాత్రీ గొలుసుకే ఉన్న కుక్కకు పారిపోయే దారి ఉండదు. తెలియని మనిషి దగ్గరికొస్తే దానికి మిగిలింది పళ్ళే. కట్టేసిన కుక్కను తిప్పకుండా నిర్లక్ష్యం చేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మన కుక్క వల్ల ఎదుటివారికి ప్రమాదం లేకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది: ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అన్నగారికి ఇది చదివి వినిపించండి.

చట్టం సంగతి తర్వాత, ముందు ఆ కూలీ సంగతి చూడండి. గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగారా? పొరపాటున కారం, సున్నం లాంటివేమైనా పూశారా? ఆసుపత్రికి వెళ్ళకపోతే ఇవాళే మీరే బండి మీద తీసుకెళ్ళండి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా మొదటిరోజు వేస్తారు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు గాయం దగ్గర ఇంకో ఇంజెక్షన్ కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని ఏ డోసూ మానకూడదు. పోయిన కూలి డబ్బులు మీరే ఇవ్వండి, అతను అడిగేదాకా ఆగకండి. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండండి, తేడా వస్తే వెంటనే ఆసుపత్రికి, పశువుల డాక్టరుకు తెలపండి. ఆ పది రోజులు బాగానే గడిస్తే రేబిస్ టీకా వేయించండి, అక్కణ్ణించి ఏటా. కోతల రోజుల్లో దాన్ని పనిచేసే వరుసలకు దూరంగా, నీడా నీళ్ళూ ఉన్న కంచెలో ఉంచండి, పొద్దునా సాయంత్రమూ మీలో ఒకరు బెల్టు పట్టుకుని తోటంతా తిప్పండి.