వేసెక్టమీ తర్వాత కూడా వీర్యం ఎందుకు వస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నెల క్రితం వేసెక్టమీ (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నాను. వీర్యం మునుపటిలాగే వస్తోంది. ఆపరేషన్ విఫలమైనట్టేనా? మగతనం తగ్గిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు కూడా భయపడుతున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: విఫలమైనట్టు కాదు. శుక్రకణాలు వృషణాల్లోని సన్నని నాళికలలో సుమారు రెండున్నర నెలల్లో తయారై, వృషణం వెనుక చుట్టలు చుట్టుకుని ఉండే, విప్పి పరిస్తే దాదాపు 6 మీటర్ల పొడవు వచ్చే ఎపిడిడిమిస్‌లో ఈదే శక్తిని సంపాదించుకుని, శుక్రవాహిక గుండా పైకి వెళతాయి. వృషణాల సంచి పైభాగాన్ని వేళ్ల మధ్య పట్టుకుని తడిమితే గట్టి పురికొసలా తగిలేది ఆ వాహికే. సర్జన్ కత్తిరించి మూసివేసింది దానినే. వీర్యంలో అత్యధిక భాగం ఆ కోతకు ఎగువన, మూత్రాశయం వెనుక ఉన్న శుక్రాశయాల నుంచి, కింద ఉన్న ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది కనుక పరిమాణంలో తేడా కంటికి తెలియదు.

మగతనానికి ఆధారమైన టెస్టోస్టిరాన్ హార్మోన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. దానికి ఈ వాహికతో పనే లేదు. ఈ అపోహ వల్లనే మన ఇళ్లలో ఆపరేషన్ భారం ఎక్కువగా భార్యల మీద పడుతోంది, అందుకే మీ నిర్ణయాన్ని మనసారా అభినందిస్తున్నాను.

అయితే కోతకు పైనున్న దారిలో పాత శుక్రకణాలు ఇంకా మిగిలి ఉంటాయి. మూడు నెలల తర్వాత చేసే వీర్యపరీక్షలో అవి లేవని తేలేవరకు కండోమ్ తప్పనిసరిగా వాడండి.