కొరియాలో పీహెచ్‌డీ చేశాక అనంతపురం తిరిగి రావచ్చా?

అన్నా, మాది అనంతపురం. డేజాన్‌లో బ్యాటరీ మెటీరియల్స్ మీద పీహెచ్‌డీకి ఈ మధ్యే చేరాను. అయిపోయాక వచ్చేస్తావా అని మా నాయన ఇప్పుడే అడుగుతున్నాడు. అక్కడ నాలాంటోళ్లకు పనుంటుందా?

తమ్ముడూ, నువ్వున్న దేశానికీ ఒకప్పుడు ఇదే తలనొప్పి. చదువుకోడానికి అమెరికా వెళ్లిన కొరియన్లు చాలామంది అక్కడే ఉండిపోయేవాళ్లు. 1966లో అమెరికా సాయంతో సియోల్‌లో కిస్ట్ అనే సర్కారు పరిశోధన సంస్థ పెట్టారు. దాని మొదటి డైరెక్టర్ చోయ్ హ్యుంగ్‌సప్ బయట ఉన్నవాళ్లను వెతికి పిలిపించాడు. ప్రొఫెసర్ల కంటే మంచి జీతం, ఉండడానికి ఇల్లు ఇచ్చారు. నన్నడిగితే అంతకంటే పెద్ద సంగతి, వాళ్లు దిగేసరికి పని సిద్ధంగా ఉండడం. ఫ్యాక్టరీలకు ఏం కావాలో కనుక్కుని, కాంట్రాక్టు రాసుకుని పరిశోధన చేసేవాళ్లు. ఉత్త దేశభక్తితో ఎవరూ ఏళ్లకేళ్లు ల్యాబ్‌లో కూర్చోరు కదా! ఇప్పుడు కొరియా జీడీపీలో 5 శాతం దాకా పరిశోధనకే పోతుంది, అందులో ఎక్కువ కంపెనీల డబ్బు. మనం 2020-21లో పెట్టింది 0.64 శాతం, అందులో పెద్ద వాటా సర్కారుదే.

మన దగ్గర పరిశోధన లేదని కాదు. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన చెనక్కాయ విత్తనం కదిరి-6 సంగతి మీ నాయననే అడుగు. దాన్ని వాడేవాడు పక్క చేనులోనే ఉన్నాడు, బాగుంటే మళ్లీ అడుగుతాడు, లేకుంటే వదిలేస్తాడు. మరి నీ బ్యాటరీని అలా అడిగేదెవరు? పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి, కానీ ఆ సంస్థ ప్రధాన పరిశోధన కేంద్రం కొరియాలో నామ్‌యాంగ్‌లో ఉంది. ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన ల్యాబ్ వెంట రాదు.

కాబట్టి ఊళ్లోనే ఉద్యోగం అని మాటివ్వకు. బెంగళూరు ఐఐఎస్సీ, కొత్త మెటీరియల్స్ మీద పనిచేసే హైదరాబాద్ ఏఆర్‌సీఐ, బ్యాటరీల లాంటి ఎలక్ట్రోకెమిస్ట్రీ పరిశోధన చేసే తమిళనాడు కారైకుడి సెక్రీ, వీటిని ఇప్పటి నుంచే గమనించు. సెలవులకు వెళ్లినప్పుడు ఒక ల్యాబ్‌లో టాక్ ఇవ్వు, కుదిరితే కలిసి పేపర్ రాయి. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు రామానుజన్ ఫెలోషిప్ ఉంది, అయితే నిన్ను చేర్చుకునే సంస్థ ముందే ఒప్పుకోవాలి. ఆ ఫెలోషిప్ అయిదేళ్లే, అది అయ్యాక నీ సంగతేంటో ఆ సంస్థవాళ్లనే నేరుగా అడుగు. మొహమాటపడితే తర్వాత టెన్షన్ నీదే.

కొరియన్ మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టు. ల్యాబ్ సీనియర్లు అసలు విషయాలు మాట్లాడేది మీటింగ్‌లో కాదు, రాత్రి భోజనాల దగ్గర.